మూలశంక అనుకుని గడిపేసే నెలలు: చిన్న పిల్లలున్న తల్లిదండ్రుల్లో పెద్దపేగు క్యాన్సర్

క్లుప్తంగా: పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ మన దేశంలో ఇప్పటికీ అరుదైన జబ్బే. అయితే వచ్చినవారిలో 50 ఏళ్ల లోపు వారు తక్కువేమీ కాదు, వారిలో చాలామంది ఇళ్లలో బడికి వెళ్లే పిల్లలుంటారు. ఈ వయసులో జబ్బు ఆలస్యంగా బయటపడడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. ప్రతి లక్షణానికీ అంతకంటే మామూలు కారణం ఒకటి ముందే సిద్ధంగా ఉంటుంది. ఆ ఆలస్యం ఎలా పెరుగుతుంది, నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు ఏ దారులున్నాయి, చికిత్స మొదలయ్యాక పిల్లలున్న ఇంట్లో ఏం మారుతుంది అన్నది ఈ వ్యాసం విషయం.

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, ఒంగోలు కర్నూలు రోడ్డు మీద, మన పట్టణాలన్నిటి గోడల మీద, కరెంటు స్తంభాల మీద కనిపించే రాత ఒకటుంది: మూలశంక, భగందరం, ఆపరేషన్ లేకుండా నయం. మలంలో రక్తం కనిపించిన మనిషికి మొదట గుర్తొచ్చేది ఆ గోడ మీది మాటే. చాలాసార్లు ఆ ఊహ నిజమే అవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిపోయే జవాబు పదోసారి కూడా సరిపోతుందనిపిస్తుంది.

ఎంత అరుదు, ఏం మారుతోంది

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 19 లక్షల మందికి పైగా ఈ క్యాన్సర్ బారిన పడ్డారు, సుమారు 9 లక్షల మంది చనిపోయారు. భారతదేశంలో కొత్త రోగులు ఏడాదికి 70 వేల దాకా ఉన్నారు. జనాభాతో పోల్చి చూస్తే అమెరికా, యూరప్ దేశాల కంటే మన దగ్గర చాలా తక్కువ. కడుపు నొప్పి వచ్చిన ప్రతివాళ్లూ భయపడాల్సిన పని లేదన్నది మొదట చెప్పాల్సిన మాట.

అయితే అమెరికాలో 1990 ప్రాంతంలో పుట్టినవారికి, 1950 ప్రాంతంలో పుట్టినవారు అదే వయసులో ఉన్నప్పటితో పోలిస్తే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు రెండింతలు, మలాశయ క్యాన్సర్ ముప్పు నాలుగింతలు ఉందని 2017లో తేలింది. 1995లో అక్కడి రోగుల్లో 55 ఏళ్ల లోపు వారు 11 శాతం. 2019 నాటికి వారి వాటా 20 శాతం అయింది. అందుకే అక్కడ ముందస్తు పరీక్షలు మొదలుపెట్టే వయసును 2021లో 50 నుంచి 45కు దించారు.

మన దేశపు పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో రోగుల సగటు వయసు 50 లోపే కనిపిస్తుంది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. మన జనాభాలో కుర్రవాళ్లు ఎక్కువ కాబట్టి ఏ జబ్బుకైనా సగటు వయసు తక్కువగానే కనిపిస్తుంది. యువతలో జబ్బు విపరీతంగా పెరిగిపోయిందనడానికి అది రుజువు కాదు. కానీ ఆసుపత్రి మెట్లు ఎక్కే రోగి ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్న తల్లి గానీ తండ్రి గానీ కావచ్చన్నది మాత్రం వాస్తవం. వైద్యులూ, ఇంట్లోవాళ్లూ గుర్తుంచుకోవలసింది ఈ రెండో విషయాన్ని.

ఆలస్యం ఎలా పేరుకుంటుంది

50 ఏళ్ల లోపు రోగులపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన 81 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2024లో వచ్చింది. దాని ప్రకారం రోగం బయటపడే నాటికి 45 శాతం మందికి మలంలో రక్తం, 40 శాతం మందికి కడుపు నొప్పి, 27 శాతం మందికి మలవిసర్జన అలవాటులో మార్పు ఉన్నాయి. మొదటి లక్షణం కనిపించినప్పటి నుంచి రోగ నిర్ధారణ దాకా సాధారణంగా 4 నుంచి 6 నెలలు గడిచాయి.

ఆ నెలల్లో మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకే వరసలో ఉంటుంది. మొదటి మాట 'వేడి చేసింది'. కారం ఎక్కువైందనో, ఎండన పడి తిరిగారనో, చేపల పులుసు రెండు పూటలా తిన్నారనో అనుకుంటారు. మజ్జిగ, సబ్జా నీళ్లు, బార్లీ గంజి మొదలవుతాయి. ఇక్కడొక శరీర ధర్మం తెలియాలి. పేగులోని క్యాన్సర్ గడ్డ రోజూ రక్తం కార్చాలని లేదు. ఉదాహరణకు నాలుగు రోజులు కారి, మూడు వారాలు ఆగి, మళ్లీ మొదలవవచ్చు. ఆ ఆగిన మూడు వారాల పుణ్యం అప్పుడు తాగుతున్న మజ్జిగకో, రాసుకుంటున్న లేపనానికో, ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లకో దక్కుతుంది. తగ్గిందన్న నమ్మకం వచ్చేస్తుంది. రెండోసారి రక్తం కనిపిస్తే 'మళ్లీ వేడి చేసింది' అనుకుంటారే గానీ, 'అప్పుడు తగ్గనే లేదేమో' అన్న ఆలోచన రాదు. పైగా మూలశంక, గడ్డ ఒకే మనిషిలో ఉండకూడదన్న నియమమేమీ లేదు. మొలలు కంటికి కనిపించాక ఇంకా లోపలికి చూడాలని ఎవరికీ తోచదు.

గడ్డ ఎక్కడుందన్న దాన్ని బట్టి లక్షణం మారుతుంది. పొట్టలో కుడివైపున పెద్దపేగు వెడల్పుగా ఉంటుంది, అందులో మలం ఇంకా పల్చగానే ఉంటుంది. అక్కడి గడ్డ దారిని తొందరగా మూయదు. కంటికి కనిపించనంత రక్తం నెలల తరబడి కారుతుంది. మనిషికి తెలిసేది ఆయాసం, నీరసం, పాలిపోవడం మాత్రమే. ఎడమవైపు పేగు సన్నం, మలం గట్టిది. అక్కడైతే కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు, మలం సన్నబడడం కనిపిస్తాయి. మలాశయంలో గడ్డ ఉంటే ఎర్రటి రక్తం, జిగురు, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టే ఉండడం ప్రధాన లక్షణాలు. 'పది నిమిషాలకోసారి వెళ్లాలనిపిస్తుంది, వెళితే ఏమీ రాదు' అని రోగి చెబితే దాన్ని గ్యాస్ ట్రబుల్ ఖాతాలో వేయకూడదు.

పిల్లల తల్లుల విషయంలో ఇంకో పొర కూడా ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంత మామూలైపోయిన దాన్ని ఎవరు అనుమానిస్తారు? కాన్పు, నెలసరి, సరైన తిండి లేకపోవడం అని ఐరన్ మాత్రలు రాసిస్తారు. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది. లోపల రక్తస్రావమైనా మలం నల్లబడవచ్చు. మాత్రల వల్లే అనుకుంటే రెండో కారణం మరుగున పడిపోతుంది. ఒకటి రెండు నెలలు మాత్రలు సక్రమంగా వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే, పెరిగి మళ్లీ పడిపోతే, రక్తం ఎటు పోతోందో వెతకాలి. మగవాళ్లలో రక్తహీనత అదే సర్వేలో 25 శాతమే. నెలసరి లేని మగవాడికి ఐరన్ లోపం వస్తే మొదటి రోజు నుంచే పేగును అనుమానించాలి. ఈ మాట ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీదికి ఎక్కాల్సి ఉంది.

ఇక మిగిలింది వాయిదా. రొయ్యల పట్టుబడి అయ్యాక, కోతలు పూర్తయ్యాక, బ్యారన్ పని ముగిసి పొగాకు వేలానికి వెళ్లాక, పెద్దాడి పదో తరగతి పరీక్షలు అయ్యాక చూపించుకుందామని ప్రతి ఇంటికీ ఒక గడువుంటుంది. తమ ఒంటిని ఆఖరున పెట్టుకోవడం తల్లిదండ్రుల స్వభావంలోనే ఉంది. దానికి సిగ్గు తోడవుతుంది. 'బయటికెళ్లేటప్పుడు రక్తం పడుతోంది' అని భర్తతోనే చెప్పలేని స్త్రీలు మగ డాక్టరు ముందు ఎలా చెబుతారు? పట్టణంలో మహిళా సర్జన్ ఎక్కడున్నారో ఆశా కార్యకర్త దగ్గర వివరం ఉండడం చిన్న విషయంలా అనిపిస్తుంది. నెలలు కలిసొచ్చేది అలాంటి చోట్లే.

ఈ నెలలకు వెల ఎంతో అమెరికా లెక్కల్లో స్పష్టంగా కనిపిస్తుంది. జబ్బు పేగు గోడ దాటకముందే బయటపడితే ఐదేళ్ల తరువాత బతికున్నవారు సుమారు 90 శాతం. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక బయటపడితే సుమారు 15 శాతం.

కారణాల గురించి తెలిసినంత

స్థూలకాయం, కూర్చుని చేసే పని, మద్యం, పొగాకు, నిల్వ చేసిన మాంసం, పీచు తక్కువైన తిండి ముప్పును పెంచుతాయని రుజువైంది. ప్రకాశం మెట్ట ప్రాంతంలో జొన్న, సజ్జ, కొర్ర తిన్న ఇళ్లు రెండు తరాల్లో తెల్లటి పాలిష్ బియ్యానికి మారాయి. నెల్లూరు డెల్టాలో అన్నం ఎప్పటి నుంచో ఉంది గానీ, బేకరీ తిండి, తీపి పానీయాలు, రాత్రి పొద్దుపోయాక తినే బిర్యానీ కొత్తవి. రోజుకు 10 గ్రాముల పీచు అదనంగా తింటే ముప్పు సుమారు 10 శాతం తగ్గుతుందని అధ్యయనాల సారాంశం.

ఇవన్నీ కలిపినా, బరువు సరిగా ఉండి, ఏ అలవాటూ లేని 35 ఏళ్ల మనిషికి ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు పూర్తి జవాబు దొరకదు. 2025లో 11 దేశాలకు చెందిన 981 మంది రోగుల కణితుల జన్యువులను పరిశీలించిన పరిశోధన ఒక ఆధారం చూపింది. పేగులో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా రకాల్లో కొన్ని కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది జన్యువులపై వదిలే గుర్తులు 70 దాటిన వారి కంటే 40 లోపు రోగుల్లో 3.3 రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఆ దెబ్బ బాల్యంలోనే తగిలి ఉండవచ్చని పరిశోధకుల ఊహ. అది నిజమైతే, ముప్ఫై అయిదేళ్ల రోగిని 'నువ్వేం తిన్నావు' అని నిలదీయడంలో అర్థం లేదు.

కనిగిరి ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా, చీమకుర్తి గ్రానైట్ దుమ్ము వల్లనా అని స్థానికంగా తరచూ అడుగుతారు. ఫ్లోరైడ్ పళ్లకు, ఎముకలకు, రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని నిజం, తీవ్రం. పేగు క్యాన్సర్‌తో వాటికి సంబంధం రుజువు కాలేదు.

పరీక్ష దారి

అన్నిటికంటే చవకైన పరీక్షకు యంత్రం అక్కర్లేదు. డాక్టరు గ్లవుజు వేసుకుని మలద్వారంలోకి వేలు పెట్టి చూస్తారు. మన దేశంలో ఈ క్యాన్సర్లలో మలాశయానివి పెద్ద వాటా. వాటిలో చాలా గడ్డలు వేలికి అందేంత దూరంలోనే ఉంటాయి. అర నిమిషం పట్టే ఆ పరీక్ష చేయకుండా మూలశంక మందు రాయించుకుని వస్తే, ఆ వైద్యం సగమే జరిగినట్టు. రోగి తానుగా 'లోపల చూడండి' అని అడగవచ్చు. అడగాలి.

రెండోది ఎఫ్‌ఐటీ అనే మల పరీక్ష. కంటికి కనిపించని రక్తాన్ని ఇది పట్టుకుంటుంది. తేల్చి చెప్పేది కొలనోస్కోపీ. ముందు రోజు విరేచనాల మందు తాగి పేగు ఖాళీ చేసుకుంటే, కెమెరా ఉన్న గొట్టంతో లోపల మొత్తం చూస్తారు. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీస్తారు. పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండ) కనిపిస్తే అప్పుడే తీసేయవచ్చు. పాలిప్ క్యాన్సర్‌గా మారేటట్టయితే అందుకు సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది కాబట్టి, పాలిప్ తీయడమంటే రాబోయే క్యాన్సర్‌ను ముందే ఆపడం.

ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు మాత్రమే ముందస్తు పరీక్షలు ఉన్నాయి. పేగు అందులో లేదు. రోగుల సంఖ్య తక్కువగా ఉన్న దేశంలో 45 దాటిన అందరికీ కొలనోస్కోపీ అనడం ఆచరణకు కుదరదు కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. కానీ దాని అర్థం, ఇక్కడ ఆధారపడగలిగింది లక్షణం మీదే అని. రెండు మూడు వారాలు దాటినా ఆగని, లేదా ఆగి మళ్లీ వచ్చిన రక్తాన్ని ఎంత తొందరగా పరీక్ష దాకా తీసుకెళ్తామన్నదే మన స్క్రీనింగ్.

నెల్లూరు, ఒంగోలులో వైద్య కళాశాలలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. నెల్లూరులో రెడ్‌క్రాస్ నడిపే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దక్షిణం వైపువారు తిరుపతికి, చెన్నై అడయార్‌లో 1954 నుంచి ఉన్న క్యాన్సర్ సంస్థకు, వేలూరుకు, ఉత్తరం వైపువారు గుంటూరుకు వెళ్తుంటారు. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ వర్తిస్తాయి. రాష్ట్రం దాటి వెళ్లేముందు అది అక్కడ చెల్లుతుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడిగి బయల్దేరితే మేలు. రోగం తేలకముందు పడే తిరుగుడు ఖర్చు మాత్రం చాలామందికి జేబులోంచే పోతుంది. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి కూలి పోగొట్టుకుని రెండుసార్లు రావలసి వస్తే, రెండోసారి రాకుండా ఆగిపోవడానికి అది చాలు.

చికిత్స నడిచే ఇల్లు

జబ్బు దూరపు అవయవాలకు పాకకముందు, అంటే రెండో, మూడో దశలో, మామూలుగా ఆపరేషన్, ఆ తరువాత అవసరాన్ని బట్టి 3 నుంచి 6 నెలల కీమో ఉంటుంది. మలాశయమైతే ముందు రేడియేషన్ కూడా ఉండవచ్చు. ఎక్కువగా వాడే ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందుకు ఒక విచిత్ర లక్షణముంది. ఎక్కించిన తరువాత కొన్ని రోజులు చల్లటిది తాకితే చేతులు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయి, చన్నీళ్లు గుటక వేస్తే గొంతు పట్టేసినట్టవుతుంది. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో రోజంతా ఐసులో చేతులు పెట్టే తల్లికి ఇది కేవలం ఇబ్బందితో పోదు, ఆ పనే చేయలేని స్థితి. చికిత్స మొదలయ్యే ముందే చేసే పనేమిటో డాక్టరుకు చెబితే మందు మోతాదు, విరామం, సెలవు ముందే మాట్లాడుకోవచ్చు.

కాపెసైటబిన్ అనే కీమో మాత్రలతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేస్తాయి. కొందరికి వేలిముద్రలు కొన్నాళ్లు చెరిగిపోతాయి. రేషన్ దగ్గర, బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెడితే ముద్ర పడదు. రేషన్‌కు కార్డులోని మరొకరు వేలు పెట్టవచ్చు. బ్యాంకు పనికి ఐరిస్ వంటి వేరే దారి అడగాలి. ఇది మందు ప్రభావమని తెలియక 'మీ వేలు పడటంలేదు, రేపు రండి' అని తిప్పించుకునేవారి తిప్పలు అనవసరమైనవి.

పిల్లల గురించి తల్లిదండ్రులను వేధించే ప్రశ్నలకు జవాబులు సూటిగానే ఉన్నాయి. క్యాన్సర్ అంటుకోదు. విడి కంచం, విడి గ్లాసు అక్కర్లేదు. బయటి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవదు, ఇంటికొచ్చి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కీమో అయిన రెండు రోజుల పాటు మాత్రం మరుగుదొడ్డిని బాగా నీళ్లు పోసి కడగాలి, రోగి వాంతిని, మలమూత్రాలను ఇతరులు గ్లవుజు లేకుండా తాకకూడదు. పాలిచ్చే తల్లి కీమో రోజుల్లో పాలివ్వకూడదు. పొట్ట ఆపరేషన్ తరువాత సుమారు ఆరు వారాలు బిడ్డను ఎత్తుకోకూడదు. కూర్చున్నప్పుడు బిడ్డే పక్కకు వచ్చి ఆనుకోవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట చికిత్స మొదలయ్యే ముందే చెప్పాలి. పొత్తికడుపు రేడియేషన్ అండాశయాలను దెబ్బతీస్తుంది, ఆ తరువాత అడిగితే దారులు మూసుకుపోతాయి.

పొట్ట మీద మలం సంచి పెట్టాల్సి వస్తుందన్న భయంతో ఆపరేషన్ మానుకునేవారున్నారు. మలాశయ ఆపరేషన్‌లో కలిపిన కుట్టు మానడానికి తాత్కాలికంగా పెట్టే సంచిని కొన్ని నెలల తరువాత తీసేస్తారు. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరైతే శాశ్వతంగా ఉండవచ్చు. సంచితో పొలం వెళ్లవచ్చు, బస్సెక్కవచ్చు, బడిలో పాఠం చెప్పవచ్చు. పిల్లలు పెద్దల కంటే తొందరగా దానికి అలవాటు పడతారు.

చికిత్స ముగిశాక వ్యాయామం మందులా పనిచేస్తుందని 2025లో రుజువైంది. 889 మందిపై జరిగిన పరీక్షలో, మూడేళ్ల పాటు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారిలో ఐదేళ్ల తరువాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 80 శాతం, ఆరోగ్య సూచనల పుస్తకం మాత్రమే ఇచ్చినవారిలో 74 శాతం. పెన్నా గట్టున వేగంగా నడిచే నడక కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

పిల్లలకు ఏం చెప్పాలి

మన ఇళ్లలో అలవాటు ఏమిటంటే చెప్పకపోవడం. పిల్లల్ని అమ్మమ్మగారింట్లో దించి, 'అమ్మకు కడుపునొప్పి' అంటారు. జుట్టు పల్చబడ్డాక, ఇంటికి బంధువులు వరసగా వచ్చి కళ్లొత్తుకున్నాక ఆ మాట నిలవదు. పక్కింటివాళ్ల నోట విన్న మాట మరీ భయంకరంగా ఉంటుంది. పిల్లల మనసులో పైకి అడగని ప్రశ్నలు మూడుంటాయి: నా అల్లరి వల్ల వచ్చిందా, నాకూ అంటుకుంటుందా, నన్నెవరు చూసుకుంటారు. ఐదేళ్ల లోపు పిల్లలకు మూడోదానికి జవాబు చాలు. రేపు అన్నం ఎవరు పెడతారు, బడికి ఎవరు దించుతారు అన్నది చెప్పాలి. బడి పిల్లలకు జబ్బు పేరుతోనే చెప్పాలి. పదో తరగతిలో ఉన్నవాళ్లకు నిజం దాచితే వాళ్లు ఫోనులో వెతుక్కుంటారు, అక్కడ కనబడేది సగటు లెక్కలు, వాళ్ల అమ్మ రిపోర్టు కాదు. క్లాసు టీచరుకు ఒక మాట చెప్పి ఉంచితే, మార్కులు తగ్గినప్పుడు అకారణంగా మందలించరు.

ఒక మనిషి మాట్లాడితే ఏం జరిగింది

అమెరికాలో టీవీ జర్నలిస్టు కేటీ కూరిక్ భర్త జే మోనహన్ 1998లో 42 ఏళ్లకే ఈ జబ్బుతో చనిపోయారు. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలూ చిన్నవాళ్లు. 2000లో ఆమె తన కొలనోస్కోపీని టీవీలో చూపించారు. ఆ తరువాత ఆ దేశంలో కొలనోస్కోపీల సంఖ్య సుమారు 20 శాతం పెరిగిందని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. బ్రిటన్‌లో డెబొరా జేమ్స్ అనే ఉపాధ్యాయురాలికి 2016లో, 35 ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లిగా జబ్బు బయటపడింది. మలం గురించి మాట్లాడడానికి సిగ్గుపడొద్దని ఐదేళ్లకు పైగా ఆమె చెబుతూనే ఉన్నారు. 2022 జూన్‌లో 40 ఏళ్లకు మరణించారు. అమెరికా నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో 43 ఏళ్లకు ఇదే జబ్బుతో చనిపోయిన తరువాత ఆ దేశంలో దీని గురించిన చర్చ పెరిగింది.

మూడు ఉదాహరణల్లోనూ జనాన్ని కదిలించింది ఒక ముఖం. మన జిల్లాల్లో ఆ ముఖం సినిమా తారదే కానక్కర్లేదు. డ్వాక్రా సమావేశంలో చికిత్స ముగించుకున్న ఒక సభ్యురాలు లేచి 'నేనూ మూలశంకే అనుకున్నా' అని ఆ ఒక్క వాక్యం చెబితే, ఈ క్యాన్సర్ అవగాహన నెల అని మార్చిలో కట్టే నీలి రిబ్బన్ల కంటే దాని బలం ఎక్కువ. ఆమె ఇష్టపడితేనే, బలవంతం లేకుండా. పెళ్లి కావలసిన పిల్లలుంటే ఇల్లు ఆ జబ్బు పేరు బయటపెట్టదన్న సంగతి కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి.

రక్త సంబంధం, మేనరికం

ఎక్కువ మందికి ఈ జబ్బు వంశంలో లేకుండానే వస్తుంది. కానీ 50 లోపు వచ్చినప్పుడు వంశ కారణాన్ని వెతకాల్సిందే. అందులో ముఖ్యమైనది లించ్ సిండ్రోమ్. జన్యువుల్లో వచ్చే తప్పుల్ని దిద్దే ఏర్పాటే చెడిపోయి ఉంటుంది. తల్లికో తండ్రికో ఆ లోపం ఉంటే ఒక్కో బిడ్డకు రావడానికి అవకాశం సగం. కొడుకైనా కూతురైనా తేడా లేదు. అదే లోపం గర్భాశయ క్యాన్సర్ ముప్పునూ పెంచుతుంది. ఆ దిద్దే ఏర్పాటు పనిచేస్తోందో లేదో గడ్డ ముక్క మీదే చూసే ఎంఎంఆర్ పరీక్షతో ఈ అనుమానం బలపడేదీ లేనిదీ తెలుస్తుంది. ఆ ఫలితం కొందరి మందుల ఎంపికనూ మారుస్తుంది.

మేనరికం వల్లే ఈ జబ్బు వస్తుందనుకోవడం సరికాదు, ఒక్కరి నుంచి వచ్చే లోపమే చాలు. అయితే లోపమున్న కుటుంబంలో మేనరికం చేస్తే భార్యాభర్తలిద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశముంది. ఇద్దరి నుంచీ అది బిడ్డకు చేరితే బాల్యంలోనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లు రావచ్చు. మేనమామ, మేనకోడలు సంబంధాలు మామూలైన మన ప్రాంతంలో సంబంధం ఖాయం చేసుకునేముందు ఈ విషయం తెలిసి ఉండాలి.

లించ్ లోపం తేలినవారికి 20-25 ఏళ్ల నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేస్తారు. అది లేకపోయినా, తల్లికో తండ్రికో ఈ జబ్బు వచ్చిన పిల్లలు 40 ఏళ్లకు గానీ, కన్నవారికి బయటపడిన వయసు కంటే పదేళ్లు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు మొదటి కొలనోస్కోపీ చేయించుకోవాలి. తండ్రికి 36లో తేలితే కొడుకుకు 26లో. ఆ కొడుక్కి ఇప్పుడు ఎనిమిదేళ్లయితే తండ్రి రిపోర్టు కాగితం అవసరపడేది మరో 18 ఏళ్లకు. అప్పటికి ఆసుపత్రి పాత ఫైళ్లు ఉంచుతుందన్న నమ్మకం లేదు. బయాప్సీ రిపోర్టు, ఎంఎంఆర్ ఫలితం, రోగం తేలిన తేదీ జిరాక్సు తీసి, పిల్లవాడి బర్త్ సర్టిఫికెట్ ఉన్న కవర్లోనే పెట్టాలి.